సీసం దించుతుంది, పలక పక్కకు లాగుతుంది

అమెరికా, కెనడాల సరిహద్దులో ఉన్న గ్రేట్ లేక్స్‌లో వేసవిలో చేపల వేటకు వెళ్లే పడవను గమనిస్తే, దాని వెనక కంటే పక్కలనే ఎక్కువ సరంజామా కనిపిస్తుంది. ఇరువైపులా వంద అడుగుల దూరం దాకా పసుపు, నారింజ రంగు పలకలు నీటి మీద వరసగా సాగుతుంటాయి. ఒక్కో పలక దగ్గర నుంచి ఒక్కో లైను వెనక్కి, కిందికి దిగి ఉంటుంది. కొన్ని లైన్లు మామూలు నైలాన్‌వే అయినా, లోతు కావలసినప్పుడు దింపేవి వేరు. వాటి లోపల సన్నని సీసపు తీగ, పైన అల్లిన తొడుగు ఉంటాయి. దీన్నే అక్కడ లెడ్‌కోర్ అంటారు. పక్కకు లాగే పలక ప్లేనర్ బోర్డు. గాలాలను పడవతో ఈడ్చుకుంటూ వెళ్లే ఈ వేట పేరు ట్రోలింగ్.

ఈ రెండింటినీ జతచేయడం మొదటి చూపులో విడ్డూరంగానే అనిపిస్తుంది. పలక తేలాలి, సీసం మునగాలి. పలక బయటికి పోవాలని చూస్తే, బరువైన లైను దాన్ని వెనక్కి గుంజుతుంది. అయినా మిషిగన్, ఈరీ, ఒంటారియో సరస్సుల మీద ఈ జోడీ స్థిరపడిపోయింది. ఎందుకు పుట్టింది, ఎంత లోతుకు పోతుంది, ఎక్కడ దెబ్బతింటుంది, దీనికంటే మెరుగైనవి లేవా అన్న ప్రశ్నల చుట్టూ వేటగాళ్ల మధ్య వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ‘ఒక రంగుకు ఎన్ని అడుగులు’ అన్న లెక్క దగ్గరే ఆగిపోతాయి. అసలు సంగతి అక్కడ లేదని ఈ వ్యాసం వాదన. లోతు కచ్చితంగా చెప్పడంలో ఈ జోడీ ఎప్పుడూ గొప్పది కాదు. పడవ అలికిడికి దూరంగా, చేప పడిన చోటికే మళ్లీ అదే లైనును పంపగలగడంలోనే దీని విలువంతా ఉంది.

నీళ్లు తేరాయి, చేపలు జరిగాయి

ఈ పద్ధతి ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ సరస్సుల కథ కొంత తెలియాలి. నయాగరా జలపాతం సహజమైన అడ్డుకట్టగా ఉన్నంత కాలం సముద్రపు జీవులు పై సరస్సుల్లోకి రాలేదు. వెలాండ్ కాలువ ఆ అడ్డును తప్పించింది. చేప ఒంటికి అంటుకుని రక్తం పీల్చే సీ ల్యాంప్రే 1921లో ఈరీలో, 1936లో మిషిగన్ సరస్సులో, 1938లో సుపీరియర్‌లో కనిపించింది. చూస్తుండగానే లేక్ ట్రౌట్ సంతతి కుప్పకూలింది. తినే పెద్ద చేప లేకపోవడంతో, సముద్రం నుంచే వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. 1967 వేసవిలో మిషిగన్ సరస్సు ఒడ్డున అవి గుట్టలు గుట్టలుగా చచ్చి పడ్డాయి.

అప్పటికే మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖలో హోవార్డ్ టానర్ ఒక సాహసానికి దిగి ఉన్నారు. పసిఫిక్ తీరపు కోహో సాల్మన్ పిల్లలను 1966లోను, చినూక్ సాల్మన్ పిల్లలను 1967లోను వదిలారు. ఏల్‌వైఫ్‌లను మేసి సాల్మన్లు బలిశాయి. వాటి కోసం జనం చిన్న చిన్న పడవల్లో ఎగబడ్డారు. 1967 సెప్టెంబరు 23న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతంలో గాలివాన విరుచుకుపడి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద పడవలు వచ్చాయి. బరువైన గుండును తీగతో దించి, దానితోపాటు గాలాన్ని లోతుకు పంపే డౌన్‌రిగ్గర్లు వచ్చాయి. చాలాకాలం అవే రాజ్యమేలాయి.

తర్వాతి మలుపు ఆల్చిప్పజాతి తెచ్చింది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్ బయటపడింది. దాని వెనకే క్వాగా మసెల్ వచ్చి లోతు నీళ్లను కూడా ఆక్రమించింది. ఇవి నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటాయి. ఎదిగిన మసెల్ ఒకటి రోజుకు లీటరు దాకా వడగడుతుంది. అవి కోట్లకు కోట్లు పరుచుకునేసరికి మిషిగన్, హ్యూరాన్ సరస్సులు తేటపడి, ఎప్పుడూ తేటగా ఉండే సుపీరియర్‌నే మించిపోయాయి. మేత గొలుసు కూడా దెబ్బతింది. 2003, 2004ల్లో హ్యూరాన్‌లో ఏల్‌వైఫ్ పతనమై, దానితోపాటు చినూక్ వేట కూడా చప్పబడింది.

వేటగాడికి తేటనీరు అంటే చేపకు తాను కనిపించడం. పడవ నీడ, ఇంజను మోత, గుండ్ల తీగల ఝుమ్మనే చప్పుడు తగిలితే చేప పక్కకో, కిందికో జరిగిపోతుంది. వాల్‌ఐ సంగతి మరీను. మసక వెలుతురులో చూడటానికి అనువైన కళ్లున్న ఈ చేప, ఎండ నేరుగా దిగే నీటిని ఇష్టపడదు. పడవ కిందనే వేలాడే గాలానికి ఇది చిన్న చిక్కేమీ కాదు. గాలం పక్కకూ పోవాలి, లోతుకూ పోవాలి. పలక, సీసం కలిసింది ఇక్కడే.

చట్టం కూడా కొంత తోడైంది. మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఒక్కొక్కరు మూడు లైన్లు వేయవచ్చు. నలుగురు ఎక్కితే పన్నెండు లైన్లు. తొమ్మిది పది అడుగుల వెడల్పు పడవ వెనక పన్నెండు లైన్లు దించితే మొదటి మలుపులోనే చిక్కుముడి పడుతుంది. పలకలు పెడితే అదే పడవ రెండు వందల అడుగుల వెడల్పున నీటిని జల్లెడ పడుతుంది.

పలక చేసే పని

ప్లేనర్ బోర్డు నీటిలో ఎగిరే గాలిపటం లాంటిది. గాలిపటం పైకి లేస్తే ఇది పక్కకు పోతుంది. ముందుకు లాగుతున్న కొద్దీ నీటి ఒత్తిడి ఏటవాలు ముఖం మీద పడి దాన్ని బయటికి నెడుతుంది. పద్ధతి కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్ సరస్సుల్లో 19వ శతాబ్దంలోనే ఒడ్డు నుంచి ఇలాంటి పలకకు గాలాలు కట్టి దొంగచాటుగా చేపలు పట్టేవారు. దాన్ని ఆటర్ అనేవారు, తర్వాత నిషేధించారు. విశాఖ హార్బర్‌లో ట్రాలర్ల వెనక వేలాడే ఆటర్ బోర్డులు కూడా ఈ సూత్రం మీదే పని చేస్తాయి. అవి రెండు వైపులకూ విడిపోతూ వల నోరు తెరిచి పట్టుకుంటాయి. అక్కడ పని వల నోరు తెరవడం, ఇక్కడ లైనును పడవకు దూరం చేయడం. అంతే తేడా.

పలకల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పెద్ద జోడు పలకలు. పడవ ముందు భాగంలో నిలబెట్టిన గడకు బలమైన తాడు కట్టి, ఆ తాడు చివర పలకను వదులుతారు. గాలపు లైన్లను చిన్న క్లిప్పులతో ఆ తాడు మీదుగా జారవిడుస్తారు. చేప తగిలితే క్లిప్పు వదిలేస్తుంది. ఇక లైనుకూ పలకకూ సంబంధం ఉండదు, చేప, వేటగాడు మాత్రమే మిగులుతారు. అలల్లోనూ ఇవి నిలకడగా ఉంటాయి, బరువు బాగా మోస్తాయి. గడ, తాడు, వాటి కప్పీలు బిగించుకోవాలి కాబట్టి చిన్న పడవకు బెడదే. రెండోది ఒక్కో లైనుకే బిగించే చిన్న పలక. అడుగు పొడవు, లోపల నురుగు పదార్థం, కింద తూకపు బరువు, పక్కన రెండు క్లిప్పులు. ధర తక్కువ, ఏ పడవలోనైనా వాడవచ్చు. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో కనిపించేది ఇదే. దీని లోపమల్లా చేపతోపాటు పలకనూ లాక్కుంటూ రావాల్సి రావడం.

లెడ్‌కోర్ బరువు తగిలితే ఈ చిన్న పలకల తీరు మారుతుంది. మూడు రంగుల లైనుకు మామూలు పలక చాలు. ఏడు, పది రంగులైతే దాని లాగుడుకు పలక వెనక్కి వాలిపోతుంది, పడవకు దూరంగా పోవాల్సింది వెనకే వేలాడుతుంది. అందుకే పొడవాటి సీసానికి పెద్ద సైజు పలకలు తప్పవు. చర్చ్, ఆఫ్‌షోర్ వంటి కంపెనీలు చిన్నవీ పెద్దవీ వేరువేరుగా చేయడానికి కారణం ఇదే.

రంగుకు ఎన్ని అడుగులు?

లెడ్‌కోర్ లైనుకు ప్రతి 10 గజాలకూ, అంటే 30 అడుగులకూ రంగు మారుతుంది. ‘ఐదు రంగులు వదిలాను’ అంటే నూటయాభై అడుగుల సీసం నీళ్లలో ఉందని అర్థం. పది రంగులైతే పూర్తి కోర్, ఐదైతే సగం కోర్. గంటకు 2 మైళ్ల వేగంలో 27 పౌండ్ల లాగుడు తట్టుకునే లైను రంగుకు సుమారు 5 అడుగులు దిగుతుందన్నది అక్కడి మోటు లెక్క. మూడు రంగులకు 15, ఐదింటికి 25, పదింటికి 50 అడుగులన్న మాట.

ఈ లెక్క ఎందుకు పని చేస్తుందో, ఎందుకు తప్పుతుందో భౌతికశాస్త్రం బాగానే చెబుతుంది. నీటిలో ఈడుస్తున్న సమమైన బరువున్న తాడు వంపు తిరగదు. దాని బరువు కిందికి, నీటి నిరోధం పైకి లాగుతూ ఒక కోణం దగ్గర సరితూగి, ఏటవాలుగా దాదాపు తిన్నని గీతలా సాగుతుంది. 30 అడుగులకు 5 అడుగులు అంటే పది డిగ్రీలకు కాస్త తక్కువ వాలు. గీత తిన్నగా ఉంటుంది కాబట్టే పొడవు రెట్టిస్తే లోతూ రెట్టవుతుంది. ‘రంగుకు ఇన్ని అడుగులు’ అని చెప్పుకోగలగడం ఆ తిన్నదనం పుణ్యమే.

నీటి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. ఇంత తక్కువ వాలులో దాని ఫలితం, లోతు సుమారుగా వేగానికి విలోమంగా మారడం. గంటకు 2 మైళ్ల వేగంలో 50 అడుగుల లోతున ఉన్న గాలం రెండున్నర మైళ్లకు 40 దగ్గరికి లేస్తుంది. ఒకటిన్నరకు తగ్గితే 65 దాటుతుంది. జీపీఎస్ చూపే వేగం నేలతో పోల్చినది. గాలానికి తగిలేది నీటితో పోల్చిన వేగం. లోపల ప్రవాహం ఎదురైతే తెర మీద 2 అని కనిపిస్తున్నా లైనుకు తగిలేది అంతకంటే ఎక్కువ. ఒకే సరస్సు మీద ఇద్దరు పాతకాపులు ఒకే లైనుకు వేర్వేరు లోతులు చెప్పి, ఇద్దరూ నిజం చెబుతుండటానికి కారణం ఇదే.

లైను లావు కూడా లెక్కలోకి వస్తుంది. లోతును నిర్ణయించేది బరువు ఒక్కటే అయితే సీసం ముందు రాగి నిలబడకూడదు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అయినా రాగి తీగ అంతే పొడవులో సీసపు లైను కంటే బాగా లోతుకు పోతుంది. సీసం మెత్తన, ఒంటరిగా నిలబడలేదు, దానికి తొడుగు కావాలి. తొడుగు లావు పెంచుతుంది గానీ బరువు పెంచదు. నీరు పట్టుకునేది ఆ లావునే. రాగికి తొడుగు అక్కర్లేదు. ఇదే లెక్కన సీసంలోనూ తొడుగు పలచగా ఉన్న 18 పౌండ్ల లైను 27 పౌండ్లదాని కంటే లోతుకు దిగుతుంది.

దీన్ని తేల్చుకునే తేలికైన మార్గం ఒకటి ఉంది. సోనార్‌లో 30 అడుగులు చూపే చదునైన ఇసుక నేల మీదుగా నిలకడగా 2 మైళ్ల వేగంతో పోతూ, రంగు తర్వాత రంగు నెమ్మదిగా వదలాలి. గాలం ఇసుకను తాకగానే గాలపు కర్ర కొన ఆగి ఆగి చిన్నగా వణుకుతుంది. అక్కడ ఆపి ఎన్ని రంగులు పోయాయో చూస్తే, ఆ గాలంతో, ఆ వేగంలో తన లైను లెక్క తేలిపోతుంది. అదే లైనుకు లోతుకు దూకే క్రాంక్‌బెయిట్ అనే కృత్రిమ ఎర కడితే ఒక లెక్క, తేలికపాటి లోహపు ఎర స్పూన్ కడితే మరో లెక్క. డబ్బా మీద అచ్చువేసిన అంకె వీటిలో దేన్నీ ఎరగదు.

ముడి, క్లిప్పు, మధ్యలో ఇద్దరు మనుషులు

లెడ్‌కోర్ మీద నేరుగా పలక క్లిప్పు బిగిస్తే తొడుగు నలుగుతుంది, లోపలి సీసం విరుగుతుంది. తొడుగు పైకి బాగానే ఉన్నా లోపల తీగ ముక్కలైపోతే లైను అక్కడ మెత్తబడి మడతలు పడుతుంది, తర్వాత తెగుతుంది. అందుకని ఇప్పుడు చాలామంది ముక్కల పద్ధతికి వచ్చారు. రీలు మీద ముందు రెండు మూడు వందల గజాల సన్నని బ్యాకింగ్ లైను, దానికి నిర్ణయించిన పొడవు సీసం, చివర గాలం కట్టే 20 నుంచి 50 అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్. మూడు రంగులకొక కర్ర, ఐదుకొకటి, ఏడుకొకటి, పదికొకటి. సీసం అంతా నీళ్లలోకి పోయాక బ్యాకింగ్ మీద పలక బిగిస్తారు. అదనంగా ఒక లాభం కూడా దక్కింది. ఎంత సీసం పోయిందో లెక్కపెట్టనక్కర్లేదు, ఐదు రంగుల కర్ర అంటే ఎప్పుడూ ఐదు రంగులే.

ఈ అమరికలో గట్టిదనమంతా అతుకు ముడి మీదే ఆధారపడుతుంది. సీసపు లైను కొస దగ్గర తొడుగును నాలుగైదు అంగుళాల మేర వెనక్కి తోసి, బయటపడ్డ సీసపు తీగను గిల్లి తుంచేస్తారు. తొడుగును మళ్లీ ముందుకు సాగదీస్తే లోపల ఖాళీ గొట్టం మిగులుతుంది. దాంట్లోకి నైలాన్ లైను కొనను సీసం తగిలేదాకా దూర్చి, ఆ రెండూ కలిసిన చోట ఒక మామూలు ముడి వేసి, తడిపి బిగిస్తారు. లాగిన కొద్దీ తొడుగు నైలాన్‌ను పిసికి పట్టుకుంటుంది. దీన్ని విల్లిస్ ముడి అంటారు. సన్నగా ఉంటుంది కాబట్టి కర్ర వలయాల్లోంచి తట్టుకోకుండా జారిపోతుంది. ముడి పని అయ్యాక చేతులు కడుక్కోవాలన్నది మరిచిపోకూడని జాగ్రత్త, ఎంత చిన్న ముక్కైనా అది సీసమే.

బ్యాకింగ్ ఏదన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. అల్లిన సన్నని లైను నీటిని తక్కువ పట్టుకుంటుంది, రీలు మీద తక్కువ చోటు తీసుకుంటుంది, కానీ క్లిప్పులో జారుతుంది. దాన్ని క్లిప్పు మెత్తల చుట్టూ రెండుసార్లు తిప్పి బిగించాల్సి వస్తుంది. నైలాన్ లావైనా క్లిప్పు గట్టిగా పట్టుకుంటుంది. చిన్న రీళ్లకు అల్లినది, పెద్ద రీళ్లకు నైలాన్ అన్నది సమంజసమైన రాజీ.

చేప పడ్డాక అసలు పరీక్ష. పెద్ద సాల్మన్ పడితే పలక ఒక్క ఊపున వెనక్కి కొట్టుకుపోతుంది, సందేహం అక్కర్లేదు. రెండు పౌండ్ల వాల్‌ఐ ఏడు రంగుల సీసం చివర తగిలితే పలక కాస్త వెనక్కి వాలుతుంది, అంతే. సీసం లాగుడే అంత ఉంటే చిన్న చేప లాగుడు అందులో కలిసిపోతుంది. గంటసేపు చచ్చిన చేపను ఈడ్చుకు తిరిగినవాళ్లు తక్కువేమీ కాదు. లాగుడు పెరిగితే వంగే చిన్న జెండాలున్న పలకలు ఈ చిక్కును కొంత తీరుస్తాయి.

చేప తగిలిందని పడవ ఆపకూడదు. ఆపితే పక్కనున్న సీసపు లైన్లన్నీ అడుగుకు పోతాయి, పలకలు నిలబడి ఒకదాని మీదికొకటి వస్తాయి. వేగం కొద్దిగా తగ్గించి, ఒకరు ఆగకుండా రీలు తిప్పుతుంటే పలక పడవ వెనక్కి వస్తుంది. రెండో మనిషి వంగి క్లిప్పులు విప్పాలి. ఆ రెండు మూడు క్షణాల్లో లైను వదులైతే చేప పోయినట్టే. ఆపైన ఇంకా వంద, రెండు వందల అడుగుల సీసం చుట్టాలి. ఒంటరిగా వేటకు వెళ్లేవారికి పెద్ద కోర్లు, పలకలు కలిపి వాడమని ఎవరూ సలహా ఇవ్వకపోవడానికి కారణం ఈ పనే.

వరస, మలుపు

ఏ లైను ఎక్కడ ఉండాలన్నదానిలో మాత్రం దాదాపు అందరిదీ ఒకే మాట. పొట్టి సీసం, అంటే తక్కువ లోతుది, పడవకు అన్నిటికంటే దూరంగా ఉండాలి. పొడవాటిది, లోతుది, దగ్గరగా ఉండాలి. బయటి లైనులో చేప పడి వెనక్కి జారినప్పుడు, అది లోపలి లోతు లైన్ల పైనుంచి దాటి వస్తుంది. వరస తిరగేస్తే చేప లోతున వస్తూ పై లైన్లన్నిటినీ ఊడ్చుకొస్తుంది.

పడవ తిన్నగా పోతున్నంతసేపూ గాలాలు ఒకే లోతులో సాగుతాయి. మలుపు తిప్పితే కథ మారుతుంది. లోపలి వైపు పలక నెమ్మదిస్తుంది, సీసం దిగుతుంది. బయటి వైపు పలక వేగం పెరిగి గాలం పైకి లేస్తుంది. ఎడమకు తిరిగినప్పుడు ఎడమ లైన్లలో చేప పడితే చేపలు నెమ్మదిని, లోతును కోరుతున్నాయని అర్థం. కుడి లైన్లలో పడితే వేగం పెంచాలి. డౌన్‌రిగ్గర్ గుండు ఇలాంటి కబురు ఇంత తేలిగ్గా అందించదు. లెడ్‌కోర్ లోతు నిలకడ లేనిదన్న ఫిర్యాదుకు సగం జవాబు ఇందులోనే ఉంది. దిగుతూ లేస్తూ పోయే గాలం వెంటపడి వస్తున్న చేపను రెచ్చగొడుతుంది. పాము మెలికల్లా పడవ నడిపేవారు ఆ నిలకడలేమినే కావాలని వాడుకుంటారు.

మిగతా పద్ధతుల పక్కన పెట్టి చూస్తే

లోతు కచ్చితంగా కావాలంటే డౌన్‌రిగ్గర్‌ను మించింది లేదు. పది పన్నెండు పౌండ్ల గుండు, అది ఎంత దిగిందో చూపే మీటరు. చేప తగలగానే లైను క్లిప్పు నుంచి విడిపోయి ఖాళీ లైను మీద చేపతో పోరాటం, ఆ ఆనందం వేరు. 80, 100 అడుగుల కింద చేపలున్నప్పుడు ఇదే దారి. దీని బలహీనత ముందే చెప్పుకున్నాం. పడవ కిందనే పని చేస్తుంది, ఒక పడవకు రెండో నాలుగో మించి ఉండవు.

డిప్సీ డైవర్ వంటి గుండ్రటి పలకలు లోతుకూ కొంత పక్కకూ పోతాయి. చవక, పని కూడా గట్టిది. లాగుడు ఎక్కువ కాబట్టి మొండి కర్ర కావాలి, పడవకు దూరంగా పోయేదీ పరిమితమే.

వాల్‌ఐ వేటగాళ్లకు స్నాప్ వెయిట్లు ఇష్టం. మామూలు లైను 50 అడుగులు వదిలి, బరువు క్లిప్పు చేసి, మరో 50 వదిలి పలక బిగించడం వాడుకలో ఉన్న పద్ధతి. ప్రత్యేకమైన రీళ్లు అక్కర్లేదు, బరువు మారిస్తే లోతు మారుతుంది. అయితే చేప వస్తుండగా పలకా విప్పాలి, బరువూ విప్పాలి. బరువంతా ఒక్క చోటే ఉండటంతో వేగం తగ్గితే గాలం గభాలున పడిపోతుంది. లెడ్‌కోర్‌లో బరువు పొడవంతా పరుచుకుని ఉండటం వల్ల మార్పు నింపాదిగా ఉంటుంది.

రాగి లోతులో సీసాన్ని మించుతుంది, కానీ మడత పడితే తెగినట్టే, దానికి రీలూ పెద్దది కావాలి, పలకా పెద్దది కావాలి. సన్నని ఉక్కు తీగలతో అల్లిన బరువు లైన్లు ఈ మధ్య ఆ చోటును కొంత ఆక్రమిస్తున్నాయి. మొత్తం మీద 15 నుంచి 50 అడుగుల మధ్య పొర లెడ్‌కోర్‌ది. అంతకంటే పైన మామూలు లైను, క్రాంక్‌బెయిట్ చాలు. అంతకంటే కింద రాగి, గుండు మేలు.

ఏ నీటికి ఏది

ఈరీ సరస్సు ఈ హద్దులను బాగా చూపిస్తుంది. పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే. వసంతంలో వాల్‌ఐలు మామీ, సాండస్కీ నదుల్లోనూ, అక్కడి రాతి దిబ్బల మీదా గుడ్లు పెట్టేటప్పుడు సీసంతో పనే లేదు. ఎండలు ముదిరాక చేపలు చాలావరకు తూర్పుకు తరలుతాయి. మధ్య భాగం సగటు లోతు 60 అడుగులు. వేసవి చివర అక్కడ అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు దానికి పైనే, వేడినీరూ చల్లనీరూ కలిసే థర్మోక్లైన్ దాపున నిలబడతాయి. ఐదు నుంచి ఎనిమిది రంగుల సీసం సరిగ్గా ఆ పొరలోకే దిగుతుంది. 2003, 2015, 2018, 2021 సంవత్సరాల్లో పుట్టిన వాల్‌ఐ తరాలు బలంగా ఉండటంతో ఈరీలో ఈ వేట ఇంకా జోరుగా ఉంది.

గరిష్ఠంగా 923 అడుగుల లోతున్న మిషిగన్ సరస్సులో వేళ ముఖ్యం. చినూక్ తెల్లవారుజామున పై పొరల్లోకి వస్తుంది. అప్పుడు ఐదు, ఏడు, పది రంగుల కోర్లు బాగా పని చేస్తాయి. ఎండెక్కి అది దిగిపోతే లెడ్‌కోర్‌ను చుట్టిపెట్టి రాగి, గుండ్లు తీయాలి. నడి సరస్సులో పై ముప్పై అడుగుల్లో తిరిగే స్టీల్‌హెడ్ ట్రౌట్‌కు మాత్రం రోజంతా పలకల మీద రెండు మూడు రంగుల సీసమే ఆయుధం. ఇక గాలి. విస్కాన్సిన్ వైపు పడమటి గాలి వరసగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు లోపలికి కొట్టుకుపోయి, అడుగు చల్లనీరు ఒడ్డుకు పొంగుతుంది. నిన్న 70 అడుగుల కింద ఉన్న చేప నేడు 25 అడుగుల్లో దొరకవచ్చు. ఇలాంటి రోజుల్లో నాలుగైదు పొడవుల కోర్లు సిద్ధంగా ఉన్న పడవది పైచేయి.

సీసం అనే బాకీ

పక్షపాతం లేకుండా చెప్పాలంటే దీనికి ఒక చెడ్డ పక్క ఉంది. న్యూ ఇంగ్లండ్ సరస్సుల్లో లూన్ అనే నీటిపక్షి చావులకు చిన్న సీసపు గుండ్లు పెద్ద కారణం. న్యూ హాంప్‌షైర్‌తోపాటు మరికొన్ని రాష్ట్రాలు చిన్న గుండ్లను, జిగ్‌లనే సీసపు తల గాలాలను నిషేధించాయి. ఆ చట్టాల గురి పక్షి మింగగల చిన్న ముక్కలు. తొడుగులో ఉన్న పొడవాటి లైను అంత తేలిగ్గా పక్షి కడుపులోకి పోదు. అయినా తెగి అడుగున పడిన ప్రతి కోర్ సీసాన్ని అక్కడే వదిలిపెడుతుంది. సీసం లేని బరువు లైన్లు అందుబాటులోకి వస్తుండగా ‘అలవాటైంది కాబట్టి వాడతాం’ అన్న జవాబు ఎక్కువకాలం నిలవదు.

చేప ప్రాణం సంగతీ చూడాలి. సాల్మన్, ట్రౌట్ జాతులు గాలితిత్తిలోని గాలిని నోటిగుండా వదలగలవు. వాల్‌ఐ వదలలేదు. 40, 50 అడుగుల నుంచి పైకి లాగిన వాల్‌ఐని చిన్నదని తిరిగి వదిలితే, అది బతుకుతుందన్న నమ్మకం తక్కువ. లోతు కోర్లతో పట్టేటప్పుడు చిన్నవి వదిలి పెద్దవి ఏరుకునే వేట మానుకుని, పరిమితి నిండగానే లైన్లు చుట్టేయడమే పద్ధతి.

తీర్పు

వాదనలన్నీ పక్కపక్కన పెడితే తేలేది ఇది. లెడ్‌కోర్ లోతుకు కొలబద్ద కాదు. వేగం, ప్రవాహం, తొడుగు లావు, గాలం, మలుపు, ఇవన్నీ కలిసి ఆ అంకెను నిమిషనిమిషానికీ మారుస్తాయి. దాన్ని అడుగుల్లో బిగించాలని చూసేవారు ఎప్పుడూ అసంతృప్తితోనే ఇంటికి పోతారు. నిర్ణీత పొడవు సీసం, మారని లీడర్, అదే గాలం, తెలిసిన వేగం ఉంటే, లోతు ఎంతో తెలియకపోయినా అదే చోటికి మళ్లీ పోవచ్చు. ‘ఐదు రంగుల కర్ర, బయటి పలక, గంటకు 2.2 మైళ్లు’ అన్న ఒక్క వాక్యం పక్క పడవకు చెబితే వాళ్లూ చేప పట్టగలరు. పలకల దూరం తేటనీటి బెదురును తీసేస్తుంది. ఈ రెండు లాభాలూ ఒక్కచోట ఇచ్చే పద్ధతి మరొకటి ఇంత చవకగా లేదు.

ఒహాయోలోనో మిషిగన్‌లోనో ఉంటూ కొత్తగా చిన్న పడవ కొన్న తెలుగు కుటుంబం దేనితో మొదలుపెట్టాలని అడిగితే, ముందు లైసెన్సు, ఆ తర్వాత రెండు పెద్ద సైజు పలకలు, మూడు రంగుల కోర్లు రెండు, ఐదు రంగులవి రెండు. పది రంగుల రీళ్లు, రాగి తీగలు ఆ తర్వాతి మాట. పడవ నడపడానికొకరు, కర్ర పట్టడానికొకరు, పలక విప్పడానికొకరు, ఈ ముగ్గురూ కుదిరాకే మరిన్ని పలకలు నీళ్లలోకి వదలాలి. పెద్ద సరస్సు మీద గాలి తిరిగిందంటే పలకలు చుట్టుకోవడానికే పావుగంట పడుతుంది. వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడు ఆ పావుగంటను లెక్కలో పెట్టుకున్నవాడే ఈ వేటకు తగినవాడు.